నీళ్ళు తగ్గిన మధ్యాహ్నం

వంతెన పక్కన సిలిండరు వేలాడుతూనే ఉంది గాని, దాన్ని కొట్టే ఇనపకడ్డీ లేదు. ఊరి పెద్ద కాప్ తాసియో మంగళవారం పట్టుకుపోయాడు. ఇవాళ గురువారం. ఈ రెండు రోజుల్లో ఆ ఖాళీ గ్యాస్ సిలిండరు కింద నిలబడ్డప్పుడల్లా పురింగ్ చెయ్యి దానంతటదే చెట్టుకొమ్మ చీలికలోకి పోతోంది. పదకొండేళ్ళుగా కడ్డీ అక్కడే ఉండేది మరి. చెయ్యికేం తెలుసు, అలవాటు.

ఆమె పని ఏరు చూడటం. ఉలాంగ్ ఏటి వంతెన స్తంభం మీద ఒక పసుపు గీత, దానికి పైన ఒక ఎర్ర గీత గీసి ఉంటాయి. రోజుకు మూడుసార్లు నీళ్ళు ఎక్కడున్నాయో చూసి, మెడ కోసిన ప్లాస్టిక్ సీసాలో ఎంత వాన పడిందో కొలిచి, ఫోన్లో టౌనుకు పంపాలి. ముంచుకొస్తోందనిపిస్తే సిలిండరు కొట్టాలి. ఇంత చాకిరీకి ఊరు ఆమెకిచ్చింది ఒక నీలం రెయిన్‌కోటు, దానికీ ఒక గుండీ లేదు.

మంగళవారం, తుఫాను సమార్ దీవి మీదికి వస్తోందని రేడియో గొంతు చించుకుంటుండగా, నీళ్ళు ఎర్ర గీతకి ఇంకా జానెడు కింద ఉండగానే ఆమె కొట్టేసింది. తలాహిబ్ ఊరు ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని గుట్ట మీది బడికి పరిగెత్తింది. ఏరు మాత్రం రాలేదు. అంతటితో అయిపోతే నవ్వి వదిలేసేవాళ్ళు. కానీ ఆ పూట ఏటిగట్టు మీద కాప్ తాసియో ఇంట్లో వాళ్ళమ్మ శవపేటికలో ఉంది. ముసలి అన్సాయ్ పోయి అప్పటికి రెండో రోజు. మట్టి చేసేదాకా శవాన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదు, పక్కన ఎవరో ఒకరు మేలుకుని కూర్చోవాలి. తాసియో ఊరి పెద్ద కనుక ముందు ఊరిని బడికి తోలాడు. ముసలీముతకను మోసుకెళ్ళి దించి, వాన్లో తిరిగొచ్చేసరికి గంటన్నర అయింది. కొవ్వొత్తులు ఆరిపోయి ఉన్నాయి. అమ్మ ఒక్కతే ఉంది.

పేటిక పక్కన ఒకర్ని కూర్చోబెట్టి, అతను తిన్నగా వంతెన దగ్గరికొచ్చి కొమ్మ చీలికలోంచి కడ్డీ లాక్కున్నాడు.

"ఇక చాలు మానా," అన్నాడు. ఊళ్ళో అందరూ ఆమెను మానా అనే పిలుస్తారు, అక్కా అన్నట్టు. "ఈ ఏడాదిలో ఇది మూడోసారి."

"పైన కొండల్లో వాన చూశావుగా కాప్..."

"మా అమ్మని దిక్కులేని శవాన్ని చేశావు."

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదని పురింగ్‌కి రెండు రోజులుగా అనిపిస్తూనే ఉంది.

గురువారం పొద్దున రేడియో ఇంకో పాట ఎత్తుకుంది. తీరం తాకాక తుఫాను నీరసించిపోయిందట, హెచ్చరికలన్నీ ఎత్తేశారట, మిగిలింది వట్టి అల్పపీడనమేనట. తొమ్మిదింటికి ఎండ కూడా వచ్చింది. బడిలో తలదాచుకున్నవాళ్ళు చాపలు చుట్టుకుని దిగొచ్చారు. ఇళ్ళ ముందు దుప్పట్లు ఆరేశారు. తర్వాత అందరూ మంచి బట్టలు కట్టుకుని చావింటికి బయల్దేరారు, శుక్రవారం పొద్దున్నే ఖననం కాబట్టి.

పురింగ్ కూడా పొద్దుట ఓ గంట వెళ్ళి కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. మూలన బల్ల చుట్టూ పేకాట సాగుతోంది. తాసియోకి పినతల్లి కొడుకు ఇగ్మె ముక్కలు పంచుతున్నాడు. వాడు ఉన్నచోట నవ్వులకి కొదవ ఉండదు, చావింట్లో అయినా సరే.

"వచ్చావా మానా! ఏరు ఒప్పుకుందా నువ్వు రావటానికి?" అన్నాడు.

"ముక్కలు చూసి పంచు, కిందపడుతున్నాయి," అంది.

"అది సరే గాని, పోయేటప్పుడు ఇవాళైనా బేకరీ దగ్గర ఆగుతావా, లేక మా పెద్దమ్మని కూడా తీసుకుపోతావా ఇంటికి?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలు వంచుకుని నవ్వారు. ఇగ్మె పెళ్ళాం ఒదాయ్, కాఫీ గిన్నె పట్టుకుని తిరుగుతున్నది, మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. కానీ ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

తలాహిబ్‌లో చావింటి నుంచి ఎవరూ తిన్నగా ఇంటికి పోరు. వంతెన పక్కనున్న బేకరీ దగ్గర ఆగుతారు. ఓ రొట్టె కొనుక్కుని, రెండు మాటలాడుకుని, గుడ్డలు దులుపుకుని పోతారు. అలా చెయ్యకపోతే పోయినవాళ్ళు వెంటపడి గుమ్మందాకా వచ్చేస్తారు. ఊరు మొత్తం మీద ఆగనిది పురింగ్ ఒక్కతే. ఏ చావింటికెళ్ళినా తల వంచుకుని బేకరీ దాటి తిన్నగా ఇంటికెళ్ళి, తలుపు కాసేపు బార్లా తెరిచిపెడుతుంది. వచ్చేవాళ్ళు ఒక్కరే రావాలని లేదు కదా, ఇంకొకర్ని కూడా వెంటబెట్టుకు రావచ్చు. ఎందుకో ఊరందరికీ తెలుసు, అందుకే ఆ బేకరీ ఆవిడ కూడా ఆమెను పిలవదు.

పదకొండింటికి ఆమె అలాగే తిన్నగా ఇంటికొచ్చింది. గుట్ట దారిలో సగంలో ఉంటుంది ఇల్లు. అన్నం వండి, ఎండుచేప కాల్చి, రెండు పళ్ళాలు పెట్టింది. ఒకటి తనది. రెండోది తలుపు వైపు తిప్పి పెట్టింది, రోజూ పెట్టినట్టే. తనది తినేసింది. రెండో పళ్ళెంలో అన్నం మీద ఈగ వాలితే చేత్తో తోలింది.

అప్పుడు మొదలైంది వాన.

గాలి లేదు, ఉరుము లేదు. ఆకాశం కిందికి దిగొచ్చి పని మొదలెట్టినట్టు, ఒకే ధారగా పడింది. గంటలో సీసా సగం నిండింది. ఒంపేసి మళ్ళీ పెట్టింది. ఇంకో అరగంటకి నిండి పొర్లింది. టౌనుకి పంపింది. "అందింది" అని జవాబొచ్చింది. ఇంతకంటే వాళ్ళు మాత్రం ఏం రాస్తారు, వాళ్ళ రేడియోయే కదా తుఫాను పోయిందన్నది.

ఒంటిగంటన్నరకి నీళ్ళు పసుపు గీతని ముంచి పైకెక్కాయి. కాఫీ రంగు నీళ్ళు, వాటి మీద పచ్చి ఆకులు. ఎర్ర గీతకి మూడు జానలుంది. పావుగంట ఆగి చూసింది, రెండున్నర జానలయింది. ఎదురుగా గట్టు మీద తాసియో ఇంట్లో బల్బుల వరస కనిపిస్తోంది. వాన చప్పుడులో కూడా ప్రార్థన వినిపిస్తోంది.

రెండు గంటలకి మళ్ళీ చూసింది. పసుపు గీత బయటపడి ఉంది.

ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. వాన అలాగే కురుస్తోంది, ఒక్క చుక్క తగ్గలేదు. నీళ్ళు మాత్రం దిగిపోతున్నాయి. చూస్తుండగానే స్తంభం మీద తడి బురద పట్టీ వెడల్పవుతోంది. బండరాళ్ళు ఒక్కొక్కటే వీపులు చూపిస్తున్నాయి. ఏటి మధ్యలో గుంటలు మిగిలి వాటిల్లో ఏవో ఎగిరి పడుతున్నాయి. రొయ్యలు. ఉలాంగ్ అంటే అవే, ఏటికా పేరొచ్చిందే వాటి వల్ల.

వాసన అప్పుడు తగిలింది. పచ్చి వేళ్ళు పెళ్ళగించిన వాసన, నలిగిన ఆకు, మన్ను. పదకొండేళ్ళ కింద డిసెంబరులో కూడా ఇదే వాసన. అప్పుడు ఆమెకి దానర్థం తెలియదు. పైన ఎక్కడో ఇరుకులో కొండచరియ, మాన్లు పడి ఏరు ఆగిపోయిందని, అది ఆగేది కాసేపేనని, ఆ తర్వాత ఎలా వస్తుందో ఆ సాయంత్రం తెలిసింది. ఏటిలోకి దిగిన మొగుడు బెర్తో మళ్ళీ దొరకలేదు.  కొమ్మ చీలికలోకి చెయ్యి పోయింది. కడ్డీ లేదు.

రాయి తీసుకుని సిలిండరు మీద కొట్టింది. టక్కు టక్కుమంది. ఆ వానలో ఆ చప్పుడు పది గజాలు కూడా పోలేదు. రాయి పడేసి గట్టు వైపు పరిగెత్తింది.

చావిల్లు కిటకిటలాడుతోంది. పేటిక అద్దం మూత మీద కొవ్వొత్తి వెలుగు. గోడ వారగా చాపల మీద పిల్లలు నిద్రపోతున్నారు. బిస్కెట్లు, వేరుసెనక్కాయలు, మగవాళ్ళ దగ్గర కొబ్బరికల్లు. దాదాపు నలభైమంది, ఏటి ఒడ్డువాళ్ళంతా అక్కడే ఉన్నారు. పురింగ్ గుమ్మంలో నిలబడితే ఆమె రెయిన్‌కోటు కిందనుంచి నీళ్ళు గచ్చు మీద మడుగు కట్టాయి.

"కాప్. అందర్నీ లేపు. గుట్ట ఎక్కాలి."

తాసియో పేటిక తలవైపు కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజులుగా నిద్రలేని కళ్ళు. "నీళ్ళు ఎర్ర గీత తాకాయా?"

"లేదు. తగ్గుతున్నాయి."

 పేకబల్ల దగ్గర నవ్వు మొదలై గదంతా పాకింది. ప్రార్థన చెప్తున్న ముసలావిడ కూడా మూతి మీద చెయ్యి పెట్టుకుంది.

"విన్నారా," అన్నాడు ఇగ్మె. "పెరిగితే పరిగెత్తమంటుంది, తగ్గినా పరిగెత్తమంటుంది. ఇక ఏరు ఎట్లా ఉంటే ఈ మానా మనల్ని కూర్చోనిస్తుందో అదే ఏటిని అడగాలి."

"వాన కురుస్తుండగా తగ్గుతోంది ఇగ్మె. పైన అడ్డుకట్ట పడింది. అది తెగుతుంది."

"తెగితే అప్పుడు కొట్టు."

"దేంతో కొట్టను?"

ఆ మాటకి తాసియో తల ఎత్తాడు. "మానా, రేడియో వినలేదా? తుఫాను అయిపోయింది. రేపు పొద్దున అమ్మని తీసుకుపోతాం. ఇంకొక్క రాత్రి. నేను మళ్ళీ ఆమెని వదిలిపోను. నిన్ను దణ్ణం పెట్టి అడుగుతున్నా, వెళ్ళు."

ఇగ్మె ముక్కలు బల్ల మీద బోర్లించాడు. వాడి మొహంలో కొత్త ఆలోచన కనబడింది. "అవునూ, నిజంగా తగ్గాయా నీళ్ళు? ఎంత తగ్గాయి?"

"ఎందుకు?"

"దుంగలు బయటపడి ఉంటాయే! మొన్నటి వానలకి కొట్టుకొచ్చినవి వంతెన కింద రాళ్ళలో చిక్కుకున్నాయి. నిన్నంతా చూస్తూనే ఉన్నా. ఇంటికి రెండు దూలాలు వస్తాయి." తాడు కోసం అటూ ఇటూ చూశాడు. "ఒసే ఒదాయ్, మంచం కింద తాడు ఉండాలి చూడు."

పురింగ్ వాడి చొక్కా పట్టుకుంది. ఊరందరి ముందూ పట్టుకుంది.

"పోకు. నీకు చెప్తా విను. మా ఆయన ఆ రోజు తనంతట తాను పోలేదు. అలా అని మీ అందరికీ చెప్పాను గాని, అబద్ధం. నేనే పంపాను. నీళ్ళు తగ్గాయి, రొయ్యలు గుంటల్లో చిక్కుంటాయి, బుట్ట పట్టుకెళ్ళమన్నాను. ఆయన వద్దన్నాడు, ఒళ్ళు బాగోలేదన్నాడు. కూర్చుని తింటావా అన్నాను. ఆ మాట అన్నాను ఇగ్మె."

 ఇగ్మె మొహంలో నవ్వు ఒక్క క్షణం పోయింది. తర్వాత మెల్లగా ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

"బెర్తో అన్న రొయ్యలకి పోయాడు మానా, రొయ్యలకైతే చాలాసేపు వంగాలి," అన్నాడు, మెత్తగానే. "నేను తాడు వేసి లాగేసి వచ్చేస్తా. ఈ కాఫీ చల్లారేలోపు."

వెళ్ళిపోయాడు.

పురింగ్ గుమ్మంలోనే ఉంది. నలభైమంది మళ్ళీ కప్పులు అందుకున్నారు. ఎవరో పక్కవాళ్ళ చెవిలో "పాపం, మతి పోయింది" అన్నారు. తాసియో ఆమెను చూడటం మానేశాడు. అతను అక్కణ్ణుంచి లేవడని ఆమెకి అర్థమైంది. అతను లేవకపోతే ఒక్కరు కూడా లేవరు. శవాన్ని ఒకసారి వదిలినందుకే రెండు రోజులుగా తల ఎత్తుకోలేకపోతున్నారు అందరూ.

పేటిక కింద, బల్ల కాళ్ళ మధ్య, బోర్లించిన తెల్ల పళ్ళెం ఉంది. ప్రతి చావింట్లోనూ ఉంటుంది. శవం గుమ్మం దాటేటప్పుడు దాన్ని గడప మీద పగలగొడతారు. పళ్ళెం పగిలిందంటే పోయినవాళ్ళు బయల్దేరినట్టే. ఇక ఆ పేటిక ఆ ఇంట్లో ఉండకూడదు. ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళతో సహా ఎవరూ ఉండకూడదు. ఉంటే వెనకే ఇంకొకరు పోతారు.

ఆమె నాలుగడుగులు వేసి వంగింది. ప్రార్థనలో ఉన్న ముసలావిడ, "ఏయ్, అది ముట్టుకోకు," అంది. అప్పటికే పళ్ళెం పురింగ్ చేతిలో ఉంది. గడప దగ్గరికెళ్ళి రెండు చేతులా ఎత్తి కొట్టింది.

పళ్ళెం నాలుగు ముక్కలైంది.

ఆ చప్పుడు అందరికీ వినిపించింది. తాసియో లేచి నిలబడ్డాడు. అతని మొహం చూసి కొడతాడేమో అనుకుంది పురింగ్, కొడితే కొట్టనీ అని కూడా అనుకుంది. కానీ అతను ఆమెను చూడటం లేదు, ముక్కల్ని చూస్తున్నాడు.

"బయల్దేరింది," అంది ముసలావిడ. "ఇక ఆపకూడదు తాసియో. ఎత్తండి."

"రేపు కదా..."

"ఎత్తండి. పిల్లల్ని లేపండి. కిటికీలు మూయండి. చర్చికి పోదాం, అక్కడ ఉంచుదాం."

అంతే. నీళ్ళకి భయపడనివాళ్ళు పళ్ళేనికి భయపడ్డారు. నిద్రపోతున్న పిల్లల్ని భుజాలు పట్టి కుదిపి లేపారు. పేకముక్కలు, కల్లు సీసాలు ఎక్కడివక్కడే వదిలేశారు. కిటికీ రెక్కలు టపటపా మూసుకున్నాయి. ఆరుగురు మగవాళ్ళు పేటిక భుజానికెత్తుకున్నారు. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి ఎవరూ చూడలేదు. ముక్కల మీదుగా గడప దాటి, వాన్లో, గుట్ట మీది చర్చి వైపు నడిచారు. పురింగ్ పక్కనుంచి పోతూ ఒకావిడ ఉమ్మింది. ఇంకొకావిడ, "ఈ పాపం నీ ఇంటికే," అంది. ఒదాయ్ చేతిలో మొగుడి కాఫీ కప్పు ఇంకా ఉంది. "ఆయన్ని పిలుచుకొస్తా," అని ఏటి వైపు తిరగబోతే, ఇద్దరాడవాళ్ళు జబ్బలు పట్టుకుని ముందుకి తోశారు. వెనక్కి తిరగకూడదు.

పురింగ్ ఒక్కతే తిరిగింది. వంతెన దగ్గరికి పరిగెత్తింది. కింద రాళ్ళ మధ్య ఇగ్మె ఒక పెద్ద దుంగకి తాడు కట్టి లాగుతున్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళు కూడా లేవు. ఆమె అరిచింది. వాన ఆమె గొంతుని అక్కడికక్కడే తొక్కేసింది. రాయి తీసుకుని సిలిండరు మీద కొట్టింది, రెండు చేతులా, రాయి పగిలేదాకా కొట్టింది. వాడు తల ఎత్తలేదు. ఒకసారి నడుము పట్టుకుని నిలబడ్డాడు, ఆయాసం తీర్చుకుని మళ్ళీ వంగాడు. కడ్డీ ఉంటే ఆ మోత కొండ అవతలికి వినిపించేది. ఎన్నిసార్లు ఆ మోతకి వాడే అందరికంటే ముందు పరిగెత్తాడో.

తర్వాత కాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. ఆమె గుట్ట వైపు పరుగు తీసింది. తన ప్రాణం మీద అంత తీపి మిగిలి ఉందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఏరు మాన్లతో వచ్చింది. నీళ్ళ కంటే ముందు చెట్లే కనిపించాయి, వేళ్ళతో, కొమ్మలతో, ఒకదాని మీద ఒకటి దొర్లుతూ. చర్చి మెట్ల మీద నుంచి జనమంతా చూశారు. వంతెన మొదట పోయింది, సిలిండరు వేలాడే చెట్టు పోయింది, బేకరీ పోయింది. తాసియో ఇల్లు మాత్రం కాసేపు నిలబడింది. మూసిన కిటికీలతోనే పక్కకి తిరిగి, అలా తిరిగి, వెళ్ళిపోయింది.

ఎవరో ఏడుపు మొదలెట్టారు. తర్వాత ముసలావిడ పేటిక ముందు మోకాళ్ళ మీద పడింది. "అన్సాయ్ కాపాడింది. తాను బయల్దేరి మనందర్నీ వెంట తెచ్చింది." అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు. పురింగ్ తలుపు దగ్గరే ఉంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు, ఒక్క ఒదాయ్ తప్ప.

"మా ఆయనేడి?"

పురింగ్ ఏటి వైపు చూసింది.

"వెనకే ఇంకొకరు పోతారని తెలిసే పగలగొట్టావు కదా." ఒదాయ్ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నీ పళ్ళెం తినేసింది మా ఆయన్ని."

గుంపులో ఒకరిద్దరు తల ఊపారు. పురింగ్ కాదనలేదు. ఆమె కూడా తలాహిబ్‌లో పుట్టినదే, పళ్ళెం సంగతి ఆమెకీ తెలుసు.

శుక్రవారమంతా మగవాళ్ళు ఏటి వెంబడి సముద్రందాకా వెతికారు. తాడు ముక్క ఒకటి దొరికింది. అది ఇగ్మెదో కాదో చెప్పలేకపోయారు. రేడియో ఆ సాయంత్రం కూడా అల్పపీడనం గురించే మాట్లాడింది, అది సముద్రంలో కలిసిపోయిందని.

శనివారం పది గంటలకి అన్సాయ్‌ని మట్టి చేశారు. పురింగ్ వెళ్ళలేదు. కింది చర్చి నుంచి పైనున్న శ్మశానానికి ఊరేగింపు గుట్ట దారిలో తన ఇంటి ముందునుంచే పోతుంటే కిటికీ వెనక నిలబడి చూసింది. ఎవరూ ఇటు తిరగలేదు. అన్నం వండింది. బెర్తో పళ్ళెం తలుపు వైపు తిప్పి పెట్టింది. ఇగ్మె వేళ్ళు తన వేళ్ళని విడదీయటం చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది. ఈ రెండు రోజుల్లో ఎన్నోసార్లు ఆ చెయ్యి గౌనుకి తుడుచుకుంది.

పదకొండున్నరకి వాళ్ళు శ్మశానం నుంచి దిగొచ్చారు. దిగొచ్చి, ఆమె ఇంటి ముందు దారిలో ఆగిపోయారు. ఎందుకు ఆగారో ఆమెకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. బేకరీ లేదు. ఎక్కడ ఆగాలి? ఇంటికి తిన్నగా పోకూడదు. పోనీ ఎవరింటికైనా పోదామంటే, చావుని దులుపుకోవటానికి తన గడప ఎవరిస్తారు? దారికి అటూ ఇటూ ఉన్న నాలుగైదు ఇళ్ళలో తలుపులు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా మూసుకున్నాయి. నలభైమంది సన్నని తుంపరలో నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు.

పురింగ్ తలుపు బార్లా తెరిచింది. బెంచీ లాగి వసారాలో వేసింది. పొయ్యి మీద పెద్ద గిన్నెతో కాఫీకి నీళ్ళు పెట్టింది. రమ్మని అనలేదు, అనే హక్కు తనకుందో లేదో తెలియదు.

చాలాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత తాసియో కదిలాడు. మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు.

"కడ్డీ మా వంటింటి తలుపు వెనక పెట్టాను మానా," అన్నాడు. "ఇంటితో పాటు పోయింది."

"పోనీలే."

"పోనీలే కాదు." అతను దారి వైపు తిరిగి అందరికీ వినపడేలా అన్నాడు. "ఇగ్మెని పళ్ళెం తినలేదు. కడ్డీ ఉంటే వాడికి వినపడేది. అది తీసుకుపోయింది నేను. అనదలుచుకున్నవాళ్ళు నన్ను అనండి."

చావింటివాళ్ళు ఎవరికీ కృతజ్ఞతలు చెప్పకూడదు, చెప్తే చావు వాళ్ళకి అంటుకుంటుంది. అందుకని తాసియో ఇంకేమీ అనలేకపోయాడు. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. బల్ల మీద పళ్ళెం చూశాడు. దాని పక్కనుంచి జాగ్రత్తగా తప్పుకుని కూర్చున్నాడు.

"తిన్నగా వచ్చాం," అన్నాడు కాసేపటికి, తల వంచుకుని. "దారిలో ఎక్కడా ఆగలేదు. గుంటలో దించేటప్పుడు అమ్మకి చెప్పాను, ఏటి వైపునుంచి రమ్మని. బెర్తో అన్న ఎక్కడైనా కనిపిస్తే వెంటబెట్టుకు రమ్మని."

పురింగ్ పొయ్యి వైపు తిరిగిపోయింది. పదకొండేళ్ళలో ఆ పేరు ఇంకొకరి నోట ఆ ఇంట్లో వినపడటం అదే మొదలు. కన్నీళ్ళు ఆగలేదు. పొగ ఉందిగా, ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఉమ్మినావిడ వచ్చింది, కాఫీ తాగింది, కప్పు తనే కడిగి పెట్టింది. ముసలావిడ వచ్చి బెంచీ మీద కునుకు తీసింది. పోయేటప్పుడు అందరూ గడప మీద నిలబడి గుడ్డలు దులుపుకున్నారు, బేకరీ దగ్గర దులుపుకున్నట్టే. వెళ్ళొస్తామని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. పురింగ్‌కి ఆ ఇల్లు అంత నిండుగా ఉండటం ఎప్పుడూ తెలియదు. వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోగా, ఇంకా ఎవరో ఉన్నట్టే ఉంది.

వాకిట్లో ఒదాయ్ మిగిలింది. ఆమె లోపలికి రాలేదు, కాఫీ తీసుకోలేదు. తుంపరలో తడుస్తూ, తెరిచిన తలుపులోంచి బల్ల వైపే చూస్తోంది.

"మానా," అంది చివరికి.

"చెప్పమ్మా."

"ఆ పళ్ళెం... ఎటు తిప్పి పెడతావు?"

 తిట్టినా పడేది, కొట్టినా పడేది. ఈ ప్రశ్న ఎవరూ అడగకూడదని పురింగ్ పదకొండేళ్ళుగా కోరుకుంటోంది.

"తలుపు వైపు," అంది. "వచ్చేవాళ్ళకి కనపడాలి కదా."

"రోజూ మారుస్తావా అన్నం?"

"రోజూ. ముందు రోజుది కోళ్ళకి వేస్తా."

"ఎన్నాళ్ళు పెట్టాలి?"

పురింగ్ లోపలికెళ్ళి అరమీంచి తన పళ్ళెం తీసింది, బెర్తోది కాదు, తను తినేది. కడిగింది, గౌను అంచుతో తుడిచింది. వాకిట్లోకి దిగి ఒదాయ్ చేతుల్లో పెట్టింది. ఒదాయ్ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

గడప తొక్కలేదు, గుడ్డలు దులుపుకోలేదు. దారి ఎక్కింది. కొంత దూరం పోయాక ఒకసారి ఆగింది. పళ్ళెంలో చేరిన వాననీళ్ళు ఒంపేసి, మళ్ళీ నడిచింది, తిన్నగా ఇంటివైపు.